రెండువందల డెబ్భై కిలోల వెనుకడుగు

సహస్రకిరణుడు నడినెత్తికెక్కి రేకుల కప్పులను పెనములవలె కాల్చుచున్న ఒకానొక ఆదివార మధ్యాహ్నమున, పాత బండ్ల దుకాణపు వాలు ప్రాంగణమందు, మూడు నెలలుగా నోటుపుస్తకమున బరువులను, మన్నికలను గళ్ళు గీసి తూచి తూచి అలసిన కళ్ళజోళ్ళ దుకాణదారుడు, ఏబదిరెండేండ్ల ప్రాయమువాడు, కించిదుదరభారధురంధరుడు, రెండు స్పోర్ట్ టూరింగ్ మోటారుసైకిళ్ళ నడుమ నిలిచెను.

కుడివైపున రెండువందల పది కిలోల రక్తవర్ణ తన్వంగి. ఎడమవైపున రెండువందల డెబ్భై కిలోల ధూమ్రవర్ణ మహాగజము. పెండ్లినాడు భార్యకు మాటయిచ్చి ఇరువదిరెండేండ్లు వాయిదా వేసిన కొండదారి ప్రయాణము ఇక ఆ ఎంపికపైననే ఆధారపడియుండెను.

అంత, మెకానిక్కు పనిలో తల నెరసిన బావమరిది ఇట్లు పలికెను: “బావా, ఆ ఎర్రది నాకు అన్నం పెట్టే బండి. నెలకోసారి ఏదో ఒకటి ఊడొస్తుంది. ఈ బూడిదరంగుదాన్ని అందరూ కొంటే నాలాంటివాళ్ళం పస్తులే. ఎక్కడా ఆగదు.”

“ఆగకపోవడం సరే. పడితే ఎవరు లేపుతారు?” అనెను భార్య. ఆమె ఫిజియోథెరపిస్టు, పరుల నడుములను నిత్యము చక్కదిద్దు ధీర. “ఈ బూడిదదాన్ని పల్లంలో గోడకి ముక్కు ఆనించి పెట్టారుగా. మీరొక్కరే వెనక్కి తీయండి. తీస్తే వెనక కూర్చుంటాను. లేదంటే ఎప్పట్లాగే బస్సు.”

“నేను తోస్తాను సార్,” అనెను దుకాణపు సేల్స్‌మన్.

“మీరు కొండల్లోకి కూడా వస్తారా?” అని ఆమె అడుగగా అతడు వెనుదిరిగెను.

“ఎవరూ చెయ్యి వేయకండి,” అని కళ్ళజోళ్ళ దుకాణదారుడు గజారోహణము గావించెను. మునివేళ్ళు నేలను గీరెను; గజము చలింపలేదు. రెండవ దండయాత్రలో కళ్ళజోడు ముక్కు చివరకు జారెను. మూడవసారి బండి నాలుగు వ్రేళ్ళ మేర కదలి, తిరిగి గోడనే కౌగిలించెను. ఆ వీరుని చూపు దీనముగా ఎర్రబండివైపు మళ్ళుట కనిపెట్టిన భార్య గొంతు మెత్తబడెను.

“చేతుల్తో కాదండీ. దిగి, తుంటి సీటుకి ఆనించి, నడుము నిటారుగా పెట్టి కాళ్ళతో నెట్టండి. రోజూ మా ముసలాళ్ళకి చెప్పేదే.”

“మధ్యలో ముసలాళ్ళెందుకు,” అని గొణిగి అతడు దిగెను.

అంతట స్వేదజలధారాభిషిక్తుడై, తుంటిని ఆయుధముగ, పాదయుగళమును సైన్యముగ జేసికొని, పండ్లు కొరికి అతడు నెట్టగా, ఆ ఉక్కు పర్వతము కిర్రుమని మూలిగి, గోడను వీడి, ఎగువకు వెనుకడుగు వేసి, ఎండలోనికి వచ్చి నిలిచెను. భార్య వెనుక సీటెక్కి, “హెల్మెట్ మాత్రం నాకు బిగుతుగా లేనిది చూడండి,” అనెను.

జయించిన భూమి మూడడుగులు. బావమరిది టేపు పెట్టి రెండడుగుల పది అంగుళాలని తేల్చెను గాని, అంతటి విజయమునకు ఆ రెండంగుళములొక లెక్కయా!