పులిగడికి పాతిక మార్కులు

ఒక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, అందులో దారి తప్పినవాళ్ళు కొందరే గాని, పెత్తనం దొరికినవాళ్ళు బోలెడుమంది. ఆ అడవిలో వీరభద్రయ్య అనే ఎలుగుబంటికి తేనె వ్యాపారం ఉండేది.

వ్యాపారం అంటే అదేం బ్రహ్మవిద్య కాదు. అడవి మధ్యలో ఒక లోయ, ఇవతలి అంచున కేకలబండ అనే రాయి. పిట్టలు ఆ బండ మీద కూర్చుని అవతలి గట్టు జంతువులకు కేకలేసి తేనె అమ్మేవి. బేరం కుదిరితే కోతులు తీగలు పట్టుకు ఊగుతూ వెళ్ళి దొప్పలు ఇచ్చి, బదులుగా ఇప్పపూలు తెచ్చేవి. అంతే.

బండ మీద అందరికంటే ఎక్కువ అమ్మేది మంగతాయారు అనే కాకి. గొంతు గరుకు, మాట ముక్కుసూటి.

"ఏం దుప్పి బాబాయ్, దగ్గు తగ్గిందా?" అని కేకేసేది.

"ఎక్కడే తల్లీ! పొద్దస్తమానం ఖళ్ళు ఖళ్ళుమంటూనే ఉన్నా."

"అయితే ఈ వారం తేనె నీకొద్దు. వేపపూత తేనె, చేదుగా ఉంది. వచ్చేవారం కానుగపూత తేనె దిగుతుంది, అది తాగుదువుగాని."

"అలాగే. మీ పిన్నికి చేదంటే ఇష్టం, తనకో దొప్ప పంపు. వచ్చేవారం నాకు రెండు అట్టేపెట్టు."

వద్దంటూనే మూడు దొప్పలు అమ్మేసింది. బండ కింద గరిక మేస్తూ ఈ బేరాలు వినడమంటే సూరిబాబు అనే కుందేలుకు మహా సరదా. వాడి చెవులు అసలే నిడుపు. ఎవరు మనసులోంచి మాట్లాడుతున్నారో, ఎవరు నోటితో మాత్రమే మాట్లాడుతున్నారో ఇట్టే పట్టేసేవి.

ఇలా హాయిగా జరిగిపోతుంటే ఊరుకుంటారా? సన్యాసిరావు అనే నక్క దిగింది.

సన్యాసిరావు పట్నంలో మూడేళ్ళు అనుభవం గడించి వచ్చిన నక్క. అక్కడ ఫోన్లో సరుకులు అమ్మే ఒక ఆఫీసు కిటికీ కింద చెత్తకుండీ ఉండేదట. ఆ కుండీలో విస్తరాకులు నాకుతూ లోపలి మీటింగులన్నీ ఆలకించాడట. ఆ అనుభవం.

"దొరా, మీరు అమ్మకాలు లెక్కపెడుతున్నారు. అది తాతలనాటి పద్ధతి. పట్నంలో ఇప్పుడు మాటను కొలుస్తున్నారు" అన్నాడు సన్యాసిరావు.

"మాటను ఎలా కొలుస్తారయ్యా? మాటకు పొడవా, వెడల్పా?" అన్నాడు వీరభద్రయ్య.

సన్యాసిరావు వెడల్పాటి టేకాకు ఒకటి పరిచాడు. దాని మీద ముల్లుతో గీసిన ఇరవై గడులు ఉన్నాయి. ఒక్కో బేరానికి ఒక్కో ఆకు, ఒక్కో గడికి ఇన్ని మార్కులు, మొత్తం వంద. వీరభద్రయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని పదిమందిలో ఒప్పుకోవడం యజమానికి నామోషీ కనక గంభీరంగా తల పంకించాడు.

మార్కులు వేసే పనికి సూరిబాబును పెట్టారు. చెవులున్నాయి కదా మరి! కూర్చోడానికి మెత్తటి గడ్డిపీట వేశారు. రాసుకోడానికి ముళ్ళపంది ముల్లు ఇచ్చారు. మేతకు వెతుక్కోకుండా రోజూ లేతగరిక తెచ్చి ముందు పెట్టే ఏర్పాటు కూడా చేశారు. సూరిబాబు పొంగిపోయాడు. ఇన్నాళ్ళూ ఊరికే విన్నాను, ఇక నా వినికిడికి ఒక హోదా వచ్చిందని సంబరపడ్డాడు.

ఏ గడికి ఎన్ని మార్కులో తేల్చడానికి సభ పెట్టారు.

"వినయంగా పలకరిస్తే పది. కొనేవాడి పేరు మూడుసార్లు అంటే పది. 'మీ ఇబ్బంది నాకు అర్థమైంది' అని సానుభూతి చూపిస్తే పదిహేను..." అని సన్యాసిరావు చదువుకుంటూ పోయాడు. ఇరవై గడులూ అయిపోయాయి.

సూరిబాబు ఉండబట్టలేక, "మరి తేనె అమ్మితే ఎన్నండీ?" అన్నాడు.

సభ అంతా గొల్లున నవ్వింది.

"అమ్మకం అనేది ఫలితం నాయనా. మనం కొలిచేది ప్రవర్తన" అన్నాడు సన్యాసిరావు జాలిగా. ఆ మాట వీరభద్రయ్యకు ఎంత నచ్చిందంటే, రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

ఆఖరున సన్యాసిరావు లేత టేకాకు నలిపి, ఆ ఎర్రరసంతో కింద మరో రెండు గడులు గీశాడు. ఇవి ఎర్రగడులు. తేనె గురించి చెడ్డమాట అన్నా, పక్కవాళ్ళ బేరంలో నోరు పెట్టినా, మిగతా మార్కులన్నీ పోయి ఆ వారం ఆకులన్నీ సున్నా. వరసగా మూడు వారాలు ఆకుల సగటు అరవై రాకపోతే బండ దిగిపోవాలి.

మంగతాయారు గుండెలో రాయి పడింది. బండ మీద పనిచేసేవాళ్ళకే బండ నెర్రెలో గూడు పెట్టుకునే హక్కు. ఆ నెర్రెలోకి పాము రాదు, వాన రాదు. ఆమె వారం కిందటే అందులో నాలుగు గుడ్లు పెట్టింది. అవి పిల్లలు కావాలంటే ఇంకా వారాలు పడతాయి.

మొదటి వారం ఫలితాలు వచ్చాయి. సుగుణ అనే చిలకకు తొంభై ఎనిమిది. ఎవరికీ ఒక్క దొప్ప అమ్మలేదు, కాని దుప్పి పేరు మూడుసార్లకు బదులు ఆరుసార్లు అంది. మంగతాయారుకు సున్నా. 'చేదు' అన్న మాట ఎర్రగడిలో పడింది.

సున్నా వచ్చినవాళ్ళకు శిక్షణ ఇవ్వాలి కదా. సన్యాసిరావు ఆమెను పిలిపించాడు.

"చేదు అనకూడదమ్మా. 'విశిష్టమైన రుచి' అనాలి."

"చేదును చేదు అనక ఇంకేమంటారండీ? దగ్గుతో చస్తున్నవాడికి విశిష్టమైన రుచి అంటగట్టమంటారా?"

"చూశావా, మళ్ళీ అదే ధోరణి! నీలో సానుభూతి లోపించింది. అందుకే ఆ గడి ఖాళీగా ఉంది."

పక్కనే కూర్చుని ఇదంతా రాసుకుంటున్న సూరిబాబుకు ఎక్కడో కలుక్కుమంది. కాని అప్పుడే లేతగరిక వచ్చింది. తలొంచుకుని నమిలాడు.

రెండో వారం ఒక మధ్యాహ్నం సుగుణ దుప్పితో బేరం మొదలుపెట్టింది. దుప్పి అవతలి గట్టున నీళ్ళు తాగుతోంది. దాని వెనక పొద కదిలింది. పొదలో చారలు కనిపించాయి.

సుగుణ చూసింది. చూసి ఏం చేసింది? పలకరింపు ఇంకా పూర్తి కాలేదు. పది మార్కులు!

"నమస్కారమండీ దుప్పిగారూ, మీ ఆరోగ్యం ఎలా ఉందండీ దుప్పిగారూ..."

అప్పుడే దుప్పికి వాసన తగిలింది. "అమ్మో, ఎక్కడో పులి! ఎటు ఉందే? ఎటు పరుగెత్తను?" అని గింగిరాలు తిరిగింది.

"మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ దుప్పిగారూ. మరి ఒక దొప్ప పంపమంటారా, రెండా?"

పక్కనుంచి మంగతాయారు గొంతు చించుకుంది. "ఒరే బాబాయ్, వెనకపొదలో ఉందిరా! ఎడమకు దూకు! దూకు!"

దుప్పి దూకింది, బతికింది. తోకవెంట్రుకలు మాత్రం నాలుగు పులి గోళ్ళకు చిక్కాయి.

సూరిబాబు మార్కులు వేశాడు. సుగుణకు వందకు వంద. మంగతాయారు పక్కవాళ్ళ బేరంలో నోరు పెట్టింది కనక సున్నా.

ఆకు వంక చూసుకుంటే వాడికే సిగ్గేసింది. ఆ సాయంత్రం పీట దిగి, ధైర్యం కూడగట్టుకుని వీరభద్రయ్య ముందుకు వెళ్ళాడు.

"అయ్యా, కొనేవాడి ప్రాణం కాపాడినదానికి సున్నా ఏమిటండీ? పులి వస్తే హెచ్చరించినవాళ్ళకు కూడా ఒక గడి ఉండాలండీ."

పక్కనే ఉన్న సన్యాసిరావు కోప్పడతాడేమో అనుకున్నాడు. కోపమా? సన్యాసిరావు వాడిని కావలించుకున్నాడు. "శభాష్! కింది ఉద్యోగుల సలహాలంటే నాకు ప్రాణం. ఇప్పుడే పెడదాం. పులిగడి, పాతిక మార్కులు. మిగతావాటిలో తలా కొంచెం కోసి ఇందులో వేద్దాం."

సూరిబాబు లోలోపల లెక్క వేసుకున్నాడు. పాతిక కలిస్తే మంగతాయారు సునాయాసంగా అరవై దాటుతుంది. గూడు నిలబడుతుంది. ఆ ఆనందంలో ఉండగా ఒక అనుమానం వచ్చింది.

"అయ్యా, పులి రాని రోజుల్లో ఏం చెయ్యాలండీ? 'ఈ బేరానికి వర్తించదు' అని రాసే వీలు పెడదామా?"

"పిచ్చివాడా! 'వర్తించదు' అని పెడితే అందరూ పనిచెయ్యడం మానేసి ఆ మాట వెనకే దాక్కుంటారు. అందరికీ ఒకే ఆకు, ఒకే కొలత. హెచ్చరించారా, పాతిక. లేదా, సున్నా."

మర్నాటినుంచి కేకలబండ మోతెక్కిపోయింది.

"నమస్కారమండీ అడవిపందిగారూ, పులి! పులి! తేనె ఎన్ని దొప్పలండీ?"

"కొండముచ్చుగారూ, మీ వెనక పులి! మీ ఇబ్బంది నాకు అర్థమైంది!"

రోజుకు నలభైసార్లు పులి. అవతలి గట్టు జంతువులు మొదట పరుగెత్తాయి, తర్వాత గట్టుకు రావడమే మానేశాయి. దగ్గుతో దుప్పి ఒక్కటే మిగిలింది. అదీ మంగతాయారు కోసం. ఆకుల మీద మాత్రం మార్కులు గలగల్లాడాయి. సన్యాసిరావు వాటిని దండగా గుచ్చి వీరభద్రయ్య గుహ గుమ్మానికి కట్టాడు.

మంగతాయారు ఆ మూడో వారం ఎంతో జాగ్రత్తగా ఉంది. చేదు అనలేదు, ఎవరి బేరంలోనూ నోరు పెట్టలేదు, బాబాయ్ పేరు మూడుసార్లు అంది. పులి మాట మాత్రం ఎత్తలేదు. వారం ఆఖరి బేరానికి సూరిబాబు పీట దిగి బండెక్కి ఆమె పక్కన చేరాడు.

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి పులి అను. ఉత్తుత్తికే అను. గుడ్ల మొహం చూసైనా అను."

ఆమె నెర్రెలోకి తొంగి చూసింది. నాలుగు గుడ్లు. నోరు తెరిచింది. అవతల దుప్పి, నీళ్ళలో మూతిపెట్టి, చెవులు ఇటే రిక్కించి ఉంది.

"నావల్ల కాదు సూరిబాబూ. నా మాట మీద నమ్మకంతో వాడు ఇంకా అక్కడ నిలబడ్డాడు" అని, "బాబాయ్, ఇవాళ పులీ గిలీ ఏం లేదు. నిదానంగా తాగు" అని కేకేసింది.

వారం సగటు యాభై ఎనిమిది.

రెండంటే రెండు మార్కులు. ముల్లు సూరిబాబు చేతిలోనే ఉంది. చిన్న గీత గీస్తే చాలు. కాని సన్యాసిరావు ప్రతి ఆకూ ఇంకోసారి చూస్తాడు. పట్టుబడితే పీట పోతుంది, గరిక పోతుంది. సూరిబాబు ఆకు అందించేశాడు. ఆ రోజునుంచీ వాడికి ఏ గరికా రుచించలేదు, అయినా రోజూ తిన్నాడు.

సాయంత్రానికల్లా నెర్రెను సుగుణ పేరున రాసేశారు. కోతులు జాలిపడి గుడ్లను దొప్పలో పెట్టుకుని తీగమీద అవతలికి చేర్చాయి. ఎంత పదిలంగా పట్టుకున్నా ఊగే తీగ అది. నాలుగింటిలో రెండే దక్కాయి.

వారం గడిచింది. పగటిపూట గుహలో వీరభద్రయ్య తేనెకుండల మధ్య కునుకు తీస్తూ, పక్కన సన్యాసిరావు, సూరిబాబు ఆకులు సరిచూస్తూ ఉంటే, బండ మీదనుంచి సుగుణ కేక వినపడింది. "పులి! పులి! పులి!"

"ఆహా, ఏం నిబద్ధత! ఒకటికి మూడుసార్లు" అని వీరభద్రయ్య పక్కకు ఒత్తిగిల్లాడు.

సూరిబాబు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ గొంతులో వణుకు ఉంది. ఇన్నాళ్ళలో సుగుణ మనసులోంచి మాట్లాడింది ఇదే మొదటిసారి.

"అయ్యా, ఈసారి నిజం! గొంతు వినండి!"

"నిజమా అబద్ధమా అన్న గడి మన ఆకులో లేదు. పాతిక వెయ్యి" అన్నాడు సన్యాసిరావు తల ఎత్తకుండానే.

సూరిబాబు పాతిక వేశాడు. ఆ అంకె ఆరేలోపల పులి లోపలికి వచ్చింది.

"ఏమయ్యా వీరభద్రయ్యా, వారం పైనుంచి రోజుకు నలభైసార్లు పిలిపిస్తున్నావట. నిద్ర పట్టనివ్వరేం? పనేమిటో చెప్పు" అంది.

వీరభద్రయ్య గుమ్మానికి కట్టిన ఆకుల దండ చూపించాడు. ఊరికే పిలిచారని తెలిసి పులికి ఒళ్ళు మండిపోయింది. కుండలన్నీ పగలగొట్టింది. వీరభద్రయ్య వీపు మీద మెడనుంచి తోకదాకా ఐదు గీతలు గీసింది. సన్యాసిరావు గుమ్మానికున్న మార్కుల దండ వెనక దాక్కుని బతికిపోయాడు. అంత దట్టంగా ఉన్నాయి మార్కులు.

మర్నాడు సమీక్ష జరిగింది.

"ఆ రోజు ప్రదర్శన వందకు వంద, దొరా. హెచ్చరిక సకాలంలో వచ్చింది" అని చదివాడు సన్యాసిరావు.

"మరి నా వీపో?" అన్నాడు ఆకుపసరు కట్టు కట్టుకున్న వీరభద్రయ్య.

"వీపుకు గడి లేదు దొరా. ఈ వారం పెట్టేద్దాం."

వీరభద్రయ్యకు సగం ఊరట కలిగింది. మిగతా సగానికి సూరిబాబు ఏడుపుగొంతుతో, "అయ్యా, మంగతాయారును వెనక్కి పిలవండి" అన్నాడు.

"తప్పకుండా. మనకెవరి మీదా కక్ష లేదు. పరీక్షబేరం ఒకటి చేసి అరవై తెచ్చుకుంటే చాలు" అని సన్యాసిరావు కొత్త ఆకు చేతికిచ్చాడు. వీపుగడితో కలిపి ఇరవైనాలుగు గడులు.

సూరిబాబు లోయ దిగి, గట్టెక్కి, రొప్పుతూ అవతలికి చేరాడు. మంగతాయారు ఒక పొగడచెట్టు కొమ్మ మీద పుల్లల గూట్లో పొదుగుతోంది. కింద దుప్పి కాపలా పడుకుని ఉంది. సూరిబాబు నాలుగు గుడ్ల చోట రెండు చూసి బావురుమన్నాడు. వెక్కుతూనే ఆకు పైకి అందించాడు.

మంగతాయారు ఆకును అటూ ఇటూ తిప్పింది. గడులన్నీ ఓపిగ్గా చూసింది. తర్వాత లేచి నిలబడి, దాన్ని గూట్లో అడుగున పరిచి, గుడ్లు రెండూ దాని మీదికి జరిపి మళ్ళీ కూర్చుంది.

"వెడల్పుగా బాగుంది. చలిగాలి ఆగుతుంది. మీ దగ్గర ఇంకా ఉంటే ఓ నాలుగు పంపించు" అంది.

నీతి: పులి నోట్లో పడినా పరవాలేదు, గడి మాత్రం ఖాళీగా ఉండకూడదు.