జీతగాడు మోటారుకు కొత్త పేరు

లోకంలో అన్యాయాన్ని రూపుమాపడానికి అన్నిటికన్నా చవకైన మార్గం దాని పేరు మార్చడం. ఈ పరమసత్యాన్ని మా అనంతపురం జిల్లాకు అందించిన ఘనత 'నీటివంతు' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ది. (దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. దిద్దేవాళ్ళే ఎక్కువ.)

పొలంలోని రెండు మోటార్లను అది ఫోనుతో నడుపుతుంది. బోరులో మోటారు నీళ్ళను తొట్టికి ఎత్తితే, తొట్టి దగ్గరది దాని ఆజ్ఞ ప్రకారం చేనుకు పారిస్తుంది. పూర్వం ఎవరో మహానుభావుడు మొదటిదానికి 'దొర' అనీ రెండోదానికి 'జీతగాడు' అనీ పేర్లు పెట్టి పోయాడు. ఈ అనాగరికతను సహించలేక పద సంస్కరణ సంఘం వెలసింది. 'అన్న, తమ్ముడు' అందామంటే, బోరు పంచుకున్న అన్నదమ్ములంతా కోర్టులోనే ఉన్నారని కదిరి సభ్యుడు అడ్డుపడ్డాడు. 'అత్త, కోడలు' అని ప్రతిపాదించిన ప్రవీణ్ అనే సభ్యుడు మళ్ళీ సమావేశాలకు రాలేదు (ఇంట్లో తెలిసిపోయింది). చివరికి 'ప్రథమ', 'ద్వితీయ' ఖాయమయ్యాయి. ఆనందం పట్టలేక సభ్యులు ఒకరికొకరు చప్పట్ల బొమ్మలు పంపుకున్నారు.

సాఫ్ట్‌వేర్‌లో పేర్లు మారాయి. తొట్టి దగ్గరి మోటారును నడిపే పెట్టెకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఫోను 'ద్వితీయ' అని పిలుస్తుంది. పెట్టె తాను జీతగాడినే అనుకుని ఊరుకుంటుంది.

మర్నాడే పామిడి దగ్గర శ్రీరంగప్ప చేలో పనిచేసే ఓబిలేష్ సంఘానికి ఫోన్ చేశాడు. వేరుశెనగ ఊడలు దిగే సమయం. ఇప్పుడు తడి అందకపోతే పంట పోతుంది, పంటతోపాటు ఓబిలేష్ పనీ పోతుంది.

"జీతగాడు మోటారు పలకడంల్యా మేడం. చేనంతా ఎండిపోతాండాది."

పద మర్యాదాధికారి లహరి మెత్తగా మందలించింది. ఆ మాట జీతగాళ్ళ మనసు నొప్పిస్తుందట. నొప్పించే మాట ఉన్న ఫిర్యాదును నిబంధనల ప్రకారం తీసుకోరట.

"నేనే జీతగాన్ని గదా మేడం," అన్నాడు ఓబిలేష్.

అలాగైతే అతను నొచ్చుకున్నట్టు వేరే ఫిర్యాదు ఇవ్వవచ్చనీ, దాన్ని వెంటనే పరిష్కరిస్తామనీ లహరి హామీ ఇచ్చింది.

నొచ్చుకునే తీరిక లేక ఓబిలేష్ మండే ఎండలో చేనుకు నడిచిపోయి, మోటారును చేత్తోనే వేశాడు. ఆ రోజు నుంచీ రోజూ అదే నడక. పంట బతికింది. కొత్త పేర్లు పనిచేస్తున్నాయనడానికి ఇంతకన్నా రుజువేమి కావాలని సంఘం ప్రకటించింది.

వార్షిక సభలో ఓబిలేష్‌కు శాలువా కప్పి, ఇకమీదట ఆయన జీతగాడు కాదనీ, 'ద్వితీయ రైతు' అనీ తీర్మానించారు. సభ దద్దరిల్లింది. జీతం మాత్రం మార్చలేదు. కొత్త జీతం పాతదానితో పొసగకపోతే మొత్తం వ్యవస్థే ఆగిపోతుందని సాఫ్ట్‌వేర్ నిపుణులు ముందే హెచ్చరించారు.