అతిథి శ్రమ నివారణ సంఘం

అతిథి చేత గడ్డిపరక కూడా ఎత్తించరాదు. కోనసీమ అలిఖిత రాజ్యాంగంలో ఇది మొదటి అధికరణం. రెండోది రాయడానికి పెద్దలు కూర్చున్నారట గానీ, ఈలోగా భోజనాలకు పిలుపు వచ్చింది. అప్పటినుంచి ఒక్క అధికరణంతోనే నెట్టుకొస్తున్నాం. దీన్ని సవాలు చేస్తూ ఇంతవరకూ ఎవరూ కోర్టుకు వెళ్లలేదు (బయలుదేరినవాళ్లను దారిలో ఎవరో ఒకరు కాఫీకి తీసుకెళ్లిపోయారు).

ఇలాంటి ఊళ్లో, మలికిపురం నుంచి ఆటోలో వచ్చి దిగిన ఒక మనిషి "నేను పని చేయుటకు వచ్చాను" అని ప్రకటిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆటో డ్రైవరు ఆమె సంచి కూడా ఆమెను మొయ్యనివ్వలేదు. అక్కడే మొదలైంది.

ఆ అమ్మాయి పేరు మార్లీన్. దేశం హాలెండ్. చదివేది వంతెనలు కట్టే చదువు. ఆ చదువుకు పట్టా చేతికి రావాలంటే పరాయి దేశపు పల్లెటూరిలో, ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, వంద గంటలు ఒళ్లు వంచి సేవ చెయ్యాలని వాళ్ల కాలేజీ నియమం పెట్టింది. ఇలాంటి పిల్లల్ని దేశదేశాలకు పంచిపెట్టడానికి 'విశ్వచేయూత' అని ఒక సంస్థ ఉంది. ఆ సంస్థ హైదరాబాదు సమన్వయాధికారి హారిక గారు దేశమంతా గాలించి మా ఊరిని ఎంపిక చేశారు. కారణం, మా కాలువ మీది వంతెన.

వంతెన అనడం మా గౌరవం కొద్దీ. అవి నాలుగు కొబ్బరి మొద్దులు. వాటి బదులు సరైన వంతెన కావాలని ఊరు అర్జీలు పెడుతూనే ఉంది. ఒకసారి ఒక ఉద్యోగి పరిశీలనకు వచ్చాడు కూడా. వంతెన దాటడం ప్రమాదకరమని గ్రహించి, అవతలి గట్టునుంచే పరిశీలించి, ఇవతల ఊరేమీ కనిపించలేదని రాసుకుని వెళ్లిపోయాడు.

అవతలి గట్టున మంచినీళ్ల ప్లాంటు ఉంది. ఇవతలి గట్టున ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే పడతాయి కాబట్టి, తాగేవాళ్లం మేమున్నాం. ఈ రెంటికీ మధ్య కళ్యాణి ఉంది.

కళ్యాణి అప్పలరాజు గారి కోడలు. అప్పలరాజు గారు రొయ్యల చెరువుల ఆసామి; మార్లీన్‌కు బస ఇచ్చింది ఆయనే. భర్త రాత్రీ పగలూ చెరువుల దగ్గరే ఉంటాడు కాబట్టి, పొద్దునా సాయంత్రం నీళ్ల టిన్ను చంకనెత్తుకుని ఆ మొద్దుల మీద నడిచివచ్చేది ఈ పిల్లే. మొన్న వానల్లో కాలు జారి కాలువలో పడితే ఊరంతా పరుగెత్తుకెళ్లి "టిన్ను దొరికిందా?" అని ఆదుర్దాగా అడిగాం. (దొరికింది.) నిజానికి ఇంటింటికీ కుళాయి ఇవ్వడానికి పైపులు ఎప్పుడో వచ్చాయి. వాటిని పాతడానికి పొడుగునా గొయ్యి తవ్వడం మాత్రం ఏ పద్దు కిందకూ రాలేదట. ఆ పైపుల కుప్ప మీద గుమ్మడి పాదు పాకింది. కాయలు బాగానే కాస్తున్నాయి.

ఇక మార్లీన్ సంగతి. వచ్చిన రోజు అన్నం తిన్న కంచం తానే కడగబోయింది. అప్పలరాజు గారి భార్య సూర్యావతి గారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "అయ్యయ్యో, కింద పెట్టెయ్యండమ్మా! మీరు కంచం కడిగేరని తెలిస్తే మా పరువేం కావాలండీ!" మర్నాడు మార్లీన్ తన చొక్కా తానే ఉతుక్కుంది. ఆ పూట సూర్యావతి గారు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆ తర్వాత చీపురు పట్టుకోబోతే అప్పలరాజు గారు ఇంట్లోని చీపుళ్లన్నీ అటకెక్కించారు. ఊడవడానికి కళ్యాణి నిచ్చెన వేసుకుని ఒకటి దింపుకోవలసి వచ్చింది.

వంతెన పని మొదలైన రోజు మాకు అసలు పరీక్ష. సర్పంచ్ త్రిమూర్తులు గారు దాతల దగ్గర కంకర, సిమెంటు, ఇనుము సంపాదించారు. మార్లీన్ బూట్లు వేసుకుని, నడుం బిగించి, ఒక తట్టెడు మట్టి ఎత్తింది. ఎత్తిందంతే. నేను దూకి అందుకున్నాను. పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేసి ఉన్నానేమో, జీవితంలో ఉత్తరాల సంచి కన్నా బరువైనది మొయ్యలేదు. నా అవస్థ చూడలేక ఇంకొకరు నా చేతిలోంచి అందుకున్నారు. ఆమె పార పట్టుకుంది. సర్పంచ్ గారు తెల్లచొక్కాతోనే అందుకున్నారు. గునపం పట్టుకుంది; నలుగురు అందుకున్నారు, గునపానికి అంత చోటు లేకపోయినా.

మధ్యాహ్నానికి పరిస్థితి చెయ్యి దాటిపోతోందని గ్రహించి 'అతిథి శ్రమ నివారణ సంఘం' స్థాపించాం. అధ్యక్షులు త్రిమూర్తులు గారు, కార్యదర్శిని నేను. నియమావళి క్లుప్తమైనది: అతిథి వంగినచో వంగుటకు ముందే అందుకొనవలెను. చెమట పట్టినచో విసనకర్ర వంతువారు బాధ్యులు. గీతలు గీయుట, కొలతలు చెప్పుట పని కాదు గనుక అనుమతించడమైనది. (సర్పంచ్ గారు జీవితమంతా చేసింది అదే కావడంతో ఈ నిబంధన మీద కొంత చర్చ జరిగింది.)

మార్లీన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గీతలు గీసింది. ఆమె కుర్చీలోంచి లేవబోయినప్పుడల్లా, లేచి ఏం ముట్టుకుంటుందోనన్న భయంతో ఊరు ఊరంతా రెట్టింపు వేగంగా పనిచేసింది. అర్జీలకు లొంగని వంతెన అట్లతద్దిలోగా లేచి నిలబడింది. ఆ కాలువ మీద అంత సందడి ఎప్పుడూ చూడలేదు. పొట్టిక్కలు, పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు రోజుకో ఇంటినుంచి వచ్చేవి. నాకు తట్ట మొయ్యడం అలవాటైంది. సర్పంచ్ గారికి చొక్కా విప్పడం అలవాటైంది. అందరం తెగ సంతోషించాం.

హారిక గారు తప్ప. ఆవిడ అప్పలరాజు గారికి ఫోన్ చేశారు.

"సార్, మా యాప్ నిబంధన ప్రకారం వాలంటీర్ చేతిలో పనిముట్టు కనీసం పది నిమిషాలు ఉండాలి. మీరు పంపిన ఏ ఫోటో చూసినా ఆవిడ చేతిలో కొబ్బరి బొండమే ఉంది."

"ఆయ్, అదీ మేమే పట్టుకుందావనుకున్నామండి. ఆవిడే ఒప్పుకోలేదండి."

"ఆవిడ ఖాతాలో ఇప్పటికి సున్నా గంటలు పడ్డాయి సార్!"

"ఎంతమాటండీ! మా ఊళ్లో అందరివీ బోలెడు గంటలున్నాయండి. ఎన్ని కావాలంటే అన్ని ఆవిడ ఖాతాలో వేసేసుకోండి. మొహమాటపడకండి."

గంటలు బదిలీ చేసే సదుపాయం యాప్‌లో లేదని హారిక గారు విచారం వెలిబుచ్చారు. అప్పలరాజు గారు భోజనం చేశారా అని అడిగి ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రం, కొత్త వంతెన మీద ఒక చిన్న సంఘటన జరిగింది. దాన్ని సంఘం మినిట్స్‌లో నమోదు చెయ్యలేదు. నీళ్ల టిన్నుతో వస్తున్న కళ్యాణికి మార్లీన్ ఎదురెళ్లి టిన్ను అందుకుంది. నిబంధన ప్రకారం నేను పరుగున వెళ్లి మార్లీన్ దగ్గర అందుకున్నాను. మార్లీన్ మలుపు తిరిగేదాకా గౌరవంగా మోసి, తిరిగాక, కళ్యాణికి ఇచ్చేశాను.

కళ్యాణి టిన్ను చంకనెత్తుకుని నావైపు కాసేపు చూసింది. తర్వాత మలుపు తిరిగి వెళ్లి మార్లీన్‌తో నవ్వుతూ అంది, నాకు వినపడేటట్టే: "మీరు ఎత్తితే ఊరంతా లేస్తాదండి. నేనెత్తితే టిన్నొక్కటే లేస్తాది. మీ చెయ్యి నాకు కొన్నాళ్లు అరువియ్యండి."

మార్లీన్ ఫోన్లో ఆ మాటలకు అర్థం చూసుకుంది. రెండుసార్లు చూసుకుంది. తర్వాత, మా ఊళ్లో నేర్చుకున్న ఒకే ఒక్క మాట అంది: "ఆయ్."

మర్నాటినుంచి మా ప్రశాంతత పోయింది. పొద్దున్నే మార్లీన్ పార భుజాన వేసుకుని సర్పంచ్ గారి ఇంటిముందు పూడిపోయిన మురుగుకాలువ దగ్గర నిలబడింది. త్రిమూర్తులు గారు నోట్లో బ్రష్షుతోనే వచ్చి పార అందుకున్నారు. కాలువ బాగైంది. తర్వాత బడి వెనక తుప్పలు. తర్వాత బస్సు ఆగేచోట రోడ్డు మీది గొయ్యి. ఎక్కడ ఏం పాడై ఉందో ఈ పరదేశపు పిల్లకు ఇంత కచ్చితంగా ఎలా తెలుస్తోందని సంఘం ఆశ్చర్యపోయింది. (కళ్యాణి ప్రతిసారీ పది అడుగుల వెనక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉండేది. దగ్గేమో అనుకున్నాం.) మార్లీన్ కూడా ఆరితేరిపోయింది. పార ఊరికే అలా ముట్టుకుని, "అబ్బా, బరువు" అనేది. పదిమంది లేచేవాళ్లు. ఆడవాళ్లిద్దరూ రాత్రి డాబా మీద కూర్చుని ఒకటే నవ్వడం. సూర్యావతి గారు కిందనుంచి "ఏంటమ్మా ఆ ఇకఇకలు!" అని కేకేసి, కాసేపటికి తానూ మెట్లెక్కి వెళ్లిపోయేవారు.

చివరికి ఒక రోజు మార్లీన్ గుమ్మడి పాదు దగ్గరకొచ్చింది. పాదును జాగ్రత్తగా పక్కకు జరిపి, పైపుల పక్కన పార దించింది. ఆ రోజు కళ్యాణి నవ్వలేదు. అరచేతులు చీరకు తుడుచుకుంటూ నిలబడింది. మేం తవ్వాం. ప్లాంటునుంచి వంతెన దాకా, వంతెన దాటి రామాలయం దాకా గొయ్యి వచ్చేసింది. ఇక సగమే ఉంది.

అప్పుడే విశ్వచేయూత ఉత్తర్వు వచ్చింది. సున్నా గంటలు నమోదైన కారణంగా మార్లీన్‌ను పనికిమాలిన సేవకురాలిగా నిర్ధారించి వెనక్కి పిలిపించారు. పట్టా ఆగిపోయింది. అసలు పని చేసింది ఊరు గనుక, ఊరికి 'ఉత్తమ స్వచ్ఛంద గ్రామం' అని ఒక ప్రశంసాపత్రం జతచేశారు. సర్పంచ్ గారు దానికి అద్దం కట్టించారు.

ఆటో ఎక్కే ముందు మార్లీన్ ఏడ్చింది. సూర్యావతి గారు పూతరేకుల డబ్బా ఒళ్లో పెట్టి తానూ ఏడ్చారు. అందరికీ దణ్ణం పెట్టాక మార్లీన్ కళ్యాణిని కావలించుకుని, పార ఆమె చేతికిచ్చి వెళ్లింది. పార అందుకోవడానికి ముందుకు వేసిన అడుగు నేను వెనక్కి తీసుకున్నాను. అప్పటికే అది కళ్యాణి చేతిలోకి వెళ్లిపోయింది మరి.

మర్నాడు కళ్యాణి రామాలయం దగ్గర, గొయ్యి ఆగినచోట నిలబడి పార ఎత్తింది. నేను ఎదురుగా అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ పిల్ల పార పైకెత్తి, అటూ ఇటూ చూసి, "అబ్బా, బరువు" అంది.

సర్పంచ్ గారు బండి మీద వెళ్తూ "బాగా తవ్వుతున్నావమ్మా" అని మెచ్చుకున్నారు.

"మాస్టారండీ," అంది కళ్యాణి నాతో, "సంఘం ఉండాలి కదండీ?"

"సంఘం అతిథుల కోసమమ్మా."

"నేనూ బయటినుంచి వచ్చిందాన్నేనండి. రాజోలు నుంచి వచ్చేను. వచ్చిన కొత్తలో నన్నూ కుర్చీలో కూర్చోబెట్టేరు కదండీ."

ఇది లోతైన ప్రశ్న కావడంతో సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పూర్వాచారాలు పరిశీలించిన మీదట, కోడలి అతిథి హోదా పదహారు రోజుల పండగతో ముగియుననీ, పొడిగింపునకు వీలులేదనీ ఏకగ్రీవంగా తీర్మానించాం. అయితే సమస్యను గాలికి వదిలెయ్యలేదు. మిగిలిన గొయ్యి కోసం ఇంకొక విదేశీ అతిథిని పంపించమని హారిక గారికి దరఖాస్తు పెట్టాం. ఈసారి కాస్త బలమైన మనిషి అయితే మేలని కూడా రాశాం, ఎత్తినప్పుడు నమ్మకంగా ఉంటుందని.

నెల్లాళ్ల తర్వాత, ఎంత పని మిగిలిందో ఫోటో పెట్టమన్నారావిడ. సంఘమంతా కలిసి ఫోటో తియ్యడానికి వెళ్లాం. పని మిగల్లేదు. గొయ్యి చివరి ఇంటిదాకా వెళ్లింది. పైపులు ప్లంబరు వచ్చి కలిపి వెళ్లాడట. గుమ్మడి పాదును కూడా తీసి సర్పంచ్ గారి గోడ మీదికి పాకించి ఉంది, ఒక్క పిందె రాలకుండా.

పని ఎవరు చేశారో నమోదు చేస్తేగానీ దరఖాస్తు రద్దు కాదని యాప్ పట్టుబట్టింది. మూడు గడులిచ్చింది: అతిథి, సంఘం, ప్రభుత్వం. అతిథి వెళ్లిపోయింది. సంఘం సభ్యులు ఒక్కొక్కరే చెయ్యెత్తి తాము చెయ్యలేదని నిజాయితీగా చెప్పారు. ప్రభుత్వాన్ని అడగడం బాగోదని అడగలేదు. కాబట్టి రికార్డుల ప్రకారం మా ఊళ్లో ఆ గొయ్యి ఎవరూ తవ్వలేదు.

నీళ్లు వదిలిన రోజు సంఘమంతా అప్పలరాజు గారి వరండాలో కూర్చున్నాం. మొదటి గ్లాసు అతిథికివ్వడం మర్యాద గానీ, అతిథి లేకపోయె. లోపల కుళాయి చప్పుడు వినిపించింది. కళ్యాణి పెద్ద పళ్లెంలో నిండా గ్లాసులు పెట్టుకుని వచ్చింది. అరచేతులకు గుడ్డలు కట్టుకుని ఉండటంతో పళ్లెం పట్టు సరిగ్గా చిక్కడం లేదు. మా ముందుకు చాచి, పళ్లెం ఎవరైనా అందుకుంటారేమోనని ఒక్క క్షణం అలాగే నిలబడింది.

గ్లాసులు అందుకున్నాం.