హైదరాబాద్ వెళ్లిన రూటర్

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి, నాలుగో ఇడ్లీ తింటూ శశికాంత్ ఆ రోజుకి ఒక పథకం వేసుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై అయిదుకి మొదలయ్యే బేస్‌బాల్ మ్యాచ్‌ని ఇంట్లో కూర్చుని ఆసాంతం చూడాలి. దానికి ఒక్క సెంటు కూడా ఖర్చు కాకూడదు.

అతనికి బేస్‌బాల్ మీద ప్రేమేమీ లేదు. టెక్సస్‌కి, అందులోనూ కాపెల్‌కి వచ్చి అయిదో ఏడు నడుస్తున్నా, ఆ ఆటలో ఎవరు ఎందుకు పరిగెడతారో అతనికి తెలియదు. కానీ మేనేజర్ గ్రెగ్‌కి ఆ ఆట పిచ్చి. సోమవారం పొద్దున్నే వచ్చి "చూశావా?" అంటాడు. "ఏం గేమ్!" అంటాడు శశికాంత్. ఈ రెండు మాటలతో రెండేళ్లు నెట్టుకొచ్చాడు. చివరికి గ్రెగ్ అతన్ని వీరాభిమాని అని నమ్మి, టీమ్ టోపీ ఒకటి బహుమతిగా ఇచ్చి, నెత్తిన బాంబు వేశాడు. శుక్రవారం లంచ్‌కి డైరెక్టర్ కూడా వస్తున్నాడు. ఆయన గ్రెగ్‌ని మించిన పిచ్చోడు. గురువారం మ్యాచ్ గురించి తీరిగ్గా మాట్లాడుకుని, ఆ ఊపులో శశికాంత్ గ్రీన్ కార్డ్ సంగతి కదుపుదామని గ్రెగ్ ఆలోచన. ఆ ఫైలు డైరెక్టర్ సంతకం కోసం ఎనిమిది నెలలుగా పడి ఉంది. ఈ ఏడాది అది కదలకపోతే, వీసా గడువు తీరగానే శశికాంత్ పెట్టే బేడా సర్దుకోవాలి.

"అల్లుడు గారూ, మధ్యాహ్నం మీకు తీరికేనా? ఒంటిగంటన్నరకి..." అన్నాడు ఎదురుగా కూర్చున్న మామగారు పరంధామయ్య.

"లేదు మామయ్య గారూ. ఇవాళ చాలా ముఖ్యమైన పని ఉంది. మేడ మీద తలుపేసుకుని కూర్చుంటాను. ఇల్లు కూలినా పిలవకండి."

పరంధామయ్య తలూపి ఊరుకున్నాడు. భీమవరం కాలేజీలో ముప్పై నాలుగేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఎదుటివాళ్లు వద్దంటే రెండో మాట మాట్లాడడు. ఏప్రిల్‌లో ఆరు నెలల విజిటర్ వీసా మీద కూతురి దగ్గరికి వచ్చాడు. భార్య ఉమామహేశ్వరి మాత్రం చెల్లెలి కూతురి కాన్పు ఉందని భీమవరంలోనే ఆగిపోయింది. ఆవిడ లేకుండా ఆయన ఇన్నాళ్లు ఎక్కడా ఉండలేదు. ఆ బెంగ పైకి చెప్పడు.

భార్య రాగిణి ఆఫీస్‌కి వెళ్లగానే, ఆ రోజు ఇంటి నుంచే పని ఉన్న శశికాంత్ రంగంలోకి దిగాడు. ఇంటర్నెట్‌లో దొరికిన మొదటి ఉచిత లింకు నొక్కితే పదకొండు విండోలు తెరుచుకున్నాయి. వాటిలో ఒకటి సైరన్ మోగిస్తూ అతని కంప్యూటర్ కొద్ది నిమిషాల్లో చచ్చిపోతుందని హెచ్చరించింది. హడావుడిగా అన్నీ మూసేశాడు. రెండో దారి మర్యాదైనది. లీగ్ యాప్‌లో రోజుకో మ్యాచ్ ఉచితం. అదృష్టం కొద్దీ ఆ రోజు ఉచితం ఇదే. సంబరంగా నొక్కాడు. ఈ మ్యాచ్ మీ ప్రాంతంలో చూపించబడదని తెర మీద వచ్చింది.

శశికాంత్ కళ్లు నులుముకుని మళ్లీ చదివాడు. స్టేడియం ఇంటికి ఇరవై నిమిషాల దూరం. ప్రపంచమంతా చూడొచ్చు, పక్కనున్నవాడు చూడకూడదట! వెంటనే, వేరే రాష్ట్రంలో బాతెల్ అనే ఊళ్లో ఉంటున్న స్నేహితుడు ఫణికి ఫోన్ చేశాడు.

"అది బ్లాకౌట్ రా. మీ ఊళ్లో చూపించే రైట్స్ అక్కడి ఛానల్‌వి" అన్నాడు ఫణి.

"ఆ ఛానల్‌కి డబ్బులు కట్టాలా?"

"కట్టాలేమో. అమెరికాలో ఊరికే ఏదొస్తుంది? నువ్వు ఆ ఊళ్లో లేనట్టు నమ్మించు. వీపీఎన్ పెట్టి ఇండియా సెలెక్ట్ చెయ్యి. వారం రోజులు ఫ్రీ ట్రయల్ ఉంటుంది."

టీవీలో వీపీఎన్ ఎక్కలేదు. ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవారు. శశికాంత్ నెట్‌వర్క్ ఇంజినీరు కావడం వల్ల ఆగలేదు. వీపీఎన్‌ని ఏకంగా ఇంటి రూటర్‌లోనే పెట్టి, ఊరు హైదరాబాద్ అని ఎంచుకున్నాడు. ఒంటిగంటా ఇరవై అయిదుకి ఇంట్లో వైఫై పట్టుకుని వేలాడుతున్న ప్రతి వస్తువూ హైదరాబాద్ చేరింది. తెర మీద పచ్చటి మైదానం ప్రత్యక్షమైంది. శశికాంత్ టోపీ పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పడేసి, హెడ్‌ఫోన్లు తగిలించి, తలుపు గడియ వేసుకున్నాడు. పక్కన తెరిచి ఉన్న ఆఫీస్ లాప్‌టాప్ కూడా వైఫై మీదే నడుస్తోందన్న సంగతి నెట్‌వర్క్ ఇంజినీరుకి తట్టలేదు.

కంపెనీ సెక్యూరిటీ విభాగంలో వెంటనే ప్రమాద గంట మోగింది. ఉద్యోగి ఖాతా హైదరాబాద్ నుంచి నడుస్తోంది! అనుమతి లేకుండా వేరే దేశం నుంచి పని చేయడం ఆ కంపెనీలో పెద్ద నేరం. ఖాతా దానంతటదే లాక్ అయింది. ఆ అలర్ట్ చూసినవాడు నీరజ్, వరంగల్ మనిషి. శశికాంత్‌కి రెండు వీధుల అవతల ఉంటాడు. గాభరాగా ఆరుసార్లు ఫోన్ చేశాడు. జవాబు లేదు. చెప్పాపెట్టకుండా ఇండియా వెళ్లి, ఫోన్ కూడా ఎత్తడం లేదంటే దానికి ఒక్కటే అర్థం. ఇంట్లో ఎవరికో ఏదో జరిగింది. నీరజ్ వెంటనే భార్య సుధకి ఫోన్ చేశాడు.

"ఎవరికంట?" అంది సుధ ఆదుర్దాగా.

"అట్లెట్ల అడుగుతం? తినేందుకు ఏమన్న తీసుకొని పో."

కాపెల్ తెలుగువాళ్లలో ఇది ఎవరూ రాయని రూలు. కష్టం వచ్చిన ఇంట్లో ఎవరికి, ఏమిటి, ఎలా అని అడగరు. డబ్బాలో అన్నం పెట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంటారు. సుధ వాట్సాప్ గ్రూపులో ఒక దండం బొమ్మ పెట్టి, శశికాంత్ గారు హఠాత్తుగా ఇండియా వెళ్లారు, ఎవరూ ఫోన్లు చేసి బాధపెట్టకండి అని రాసింది. పది నిమిషాల్లో నలభై దండాలు వచ్చాయి. ఒకావిడ మాత్రం, ఎలాగూ వెళ్లారు కదా, వచ్చేటప్పుడు మా అమ్మాయి కళ్లజోడు తేగలరేమో కనుక్కోండి అని రాసి, అరనిమిషంలో చెరిపేసింది.

రెండున్నరకి తలుపు తట్టిన చప్పుడై పరంధామయ్య గదిలోంచి వచ్చి తీశాడు. ఎదురుగా సుధ, మరో ఇద్దరు ఆడవాళ్లు. ముగ్గురి చేతుల్లోనూ స్టీలు డబ్బాలు.

"ధైర్యంగా ఉండండి అంకుల్" అంది సుధ, డబ్బా చేతిలోనే పట్టుకుని. "శశికాంత్ గారు ఇండియా చేరిపోయారు. అక్కడ అన్నీ ఆయన చూసుకుంటారు."

"అల్లుడు ఇండియాలో ఉండటమేమిటమ్మా? పొద్దున్న ఎనిమిదింటికి నా ఎదురుగా ఇడ్లీ తిన్నాడు!"

పాపం, పెద్దాయనకి మతి చలించిందని సుధ కళ్లు తుడుచుకుంది. పరంధామయ్య గబగబా మెట్లెక్కి అల్లుడి గది తలుపు బాదాడు. లోపల హెడ్‌ఫోన్లున్నాయని ఆయనకేం తెలుసు? జవాబు రాలేదు. ఆయన మెట్లు దిగుతూ ఆలోచించాడు. చాలా ముఖ్యమైన పని, పిలవకండి అన్నాడు పొద్దున్న. ఇండియాలో అల్లుడికి అమ్మా నాన్నా లేరు. అతను పరిగెత్తి వెళ్లాల్సిన మనిషి అక్కడ ఒక్కరే ఉన్నారు. ముసలాడు తట్టుకోలేడని దాచిపెట్టారు. ఆరు గంటల్లో ఏ విమానమూ హైదరాబాద్ చేరదన్న చిన్న లెక్క, ముప్పై నాలుగేళ్లు లెక్కలతో బతికిన మనిషికి ఆ క్షణంలో తోచలేదు.

ఉమామహేశ్వరికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. అక్కడ అర్ధరాత్రి దాటిందని కూడా గుర్తు లేదు. పధ్నాలుగు సార్లు చేశాడు. తర్వాత ఫోన్ ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూలబడ్డాడు.

"నన్ను రమ్మని రోజూ అడిగింది. సీజన్ అయ్యాక వస్తానన్నాను" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. ఏం సీజనో ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ అడగలేదు. ముగ్గురు ఆడవాళ్లూ కళ్లొత్తుకున్నారు.

సరిగ్గా అప్పుడు మేడ మీద తలుపు ధడాలున తెరుచుకుంది. తొమ్మిదింట్లో నాలుగో ఇన్నింగ్స్ అయింది, టీ పెట్టుకుందామని శశికాంత్ టోపీతో సహా ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. సుధ కెవ్వున అరిచింది. ఆమె చేతిలోని డబ్బా జారి పెరుగన్నం తివాచీ నిండా పరుచుకుంది. అదే క్షణంలో, సుధ పంపిన ఓదార్పు మెసేజ్ చూసి ప్లానోలోని ఆఫీస్ నుంచి ఏడుస్తూ డ్రైవ్ చేసుకుని వచ్చిన రాగిణి లోపలికి దూసుకొచ్చింది. మొగుణ్ని చూసి కొయ్యబారిపోయింది.

"నువ్వు ఇండియాలో లేవా?"

"నేనెందుకుంటాను?"

"మీ అత్తగారికి ఏమైందో నిజం చెప్పండి, తట్టుకుంటాను" అంటూ పరంధామయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అత్తయ్య గారికి ఏమైంది?" అని కళ్లు తేలేశాడు శశికాంత్. ఆ కంగారు చూసి, ఇక సందేహం లేదనుకుని రాగిణి అక్కడికక్కడే నేల మీద కూలబడి "అమ్మా!" అని ఘొల్లుమంది.

పరంధామయ్య ఫోన్ మోగింది.

"అర్ధరాత్రి పధ్నాలుగు ఫోన్లేమిటండీ?" ఉమామహేశ్వరి గొంతు గదంతా వినిపించింది. "మీకేదో అయిందని నా ప్రాణాలు పైకే పోయాయి! అక్కడ ఏడుస్తున్నదెవరు?"

పరంధామయ్య ఫోన్‌ని రెండు చేతులతో చెవికి ఆనించుకున్నాడు. "ఏం లేదే. పడుకో" అన్నాడు. ఫోన్ పెట్టేసి, అందరికీ వీపు చేసి కళ్లద్దాలు తుడుచుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా తన గదిలోకి వెళ్లిపోయాడు.

జరిగిందేమిటో పోగుచేసుకోవడానికి పావుగంట పట్టింది. ఈలోగా నీరజ్ పరుగున వచ్చాడు.

"అన్నా, నువ్వు ఇక్కడనే ఉన్నవా? మరి హైదరాబాద్‌ల ఉన్నదెవరు?"

"రూటర్" అన్నాడు శశికాంత్ నీరసంగా.

"నాలుగు కొట్టేలోపల నువ్వు హెచ్ఆర్‌కు చెప్పకుంటే ఫైల్ లీగల్‌కు పోతది. పోయిందంటే గ్రీన్ కార్డ్ సంగతి మర్చిపో అన్నా."

శశికాంత్ గోడ గడియారం చూశాడు. అప్పటికే మూడున్నర. ఫోన్ తీసి చూస్తే యాభై మిస్డ్ కాల్స్. చూస్తుండగానే గ్రెగ్ పేరుతో అది మళ్లీ వెలిగింది. కంగారులో వేలు స్పీకర్ మీద పడింది.

"శశీ, నువ్వు ఏ దేశంలో ఉన్నావు?" అన్నాడు గ్రెగ్ ఇంగ్లీషులో.

అబద్ధమాడే ఓపిక కూడా మిగల్లేదు. బ్లాకౌట్, వీపీఎన్, రూటర్, అన్నీ చెప్పేశాడు. అవతల గ్రెగ్ ఎవరితోనో గుసగుసలాడాడు. రాగిణి ఫోన్ దగ్గరికి జరిగింది. అయిదేళ్ల సంసారం అట్టపెట్టెల్లోకి వెళుతున్నట్టు అనిపించింది ఆమెకి.

"అంటే నువ్వు మ్యాచ్ చూస్తున్నావన్నమాట! నేనూ డైరెక్టరూ రెండు గంటలుగా నీ గురించే మీటింగ్‌లో ఇరుక్కుపోయాం. ఒక్క బంతి చూడలేదు. ఆయన పక్కనే ఉన్నాడు. ఏడో ఇన్నింగ్స్‌లో ఏదో జరిగిందట, ఏమైందో చెప్పు."

శశికాంత్ చూసింది నాలుగో ఇన్నింగ్స్ దాకా. చూసినా అర్థమయ్యేది కాదనుకోండి. "ఏం గేమ్..." అని గొణిగాడు.

"అది సరే. ఏమైంది?"

"బేసులు మూడూ నిండాయి" అని వెనకనుంచి భీమవరం ఇంగ్లీషులో ఒక గొంతు వినిపించింది. తిరిగి చూస్తే గది గుమ్మంలో పరంధామయ్య, చేతిలో మ్యాచ్‌ల లెక్కలు రాసుకున్న నోటు పుస్తకం. "ఇద్దరు ఔట్. వచ్చిన బ్యాటర్ సగటు ఈ సీజన్‌లో మరీ తక్కువ. కానీ బేసులు నిండినప్పుడు అతని సగటు దానికి రెట్టింపు. మూడో బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. బేసుల మీదున్న ముగ్గురూ, కొట్టినవాడూ కలిసి నాలుగు పరుగులు."

ఫోన్‌లోంచి రెండు గొంతుల కేరింతలు వినిపించాయి. ఇక్కడ మాత్రం అందరూ నోరు తెరుచుకుని నిలబడ్డారు.

"మామయ్య గారూ, మీరెక్కడ చూశారు?"

"నా గదిలో టీవీలో. కేబుల్‌కి నెలనెలా డబ్బులెందుకని ఏప్రిల్‌లో మీరే కిటికీకి పది డాలర్ల యాంటెన్నా అంటించారు కదా. ఇక్కడి ఛానల్ దాంట్లో ఊరికే వస్తుంది. వారంలో ఒకటి రెండు మ్యాచ్‌లు వేస్తారు. పొద్దున్న కలిసి చూద్దామని అడగబోయాను. ఇల్లు కూలినా పిలవద్దన్నారు."

శశికాంత్ మెట్ల మీద చతికిలబడ్డాడు. ఆ యాంటెన్నా అంటించిన చేతుల్నే అతను చాలాసేపు చూసుకున్నాడు.

రూటర్ ఆ సాయంత్రమే కాపెల్ తిరిగొచ్చింది. గ్రెగ్ ఒక మాట చెప్పడంతో హెచ్ఆర్ వాళ్లు నలభై నిమిషాల ట్రైనింగ్‌తో సరిపెట్టారు. శుక్రవారం లంచ్‌కి డైరెక్టర్ పరంధామయ్యని ప్రత్యేకంగా పిలిపించుకుని, రెండు గంటల సేపు నోటు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. శశికాంత్ ఇద్దరికీ మంచినీళ్లు అందించాడు.

సోమవారం గ్రీన్ కార్డ్ ఫైలు సంతకమై లాయరుకి వెళ్లింది. దానితోపాటు డైరెక్టర్ ఒక చీటీ కూడా జతచేశాడు: మామగారి విజిటర్ వీసాని సీజన్ అయ్యేదాకా పొడిగించే వీలుందేమో, ముందు అది చూడమని.