రాగం తీసిన యముడు

ఆ జిల్లాలో ఎవరైనా చనిపోతే, జిల్లా యముడు వచ్చి పద్యం పాడేదాకా ఆ చావు చెల్లదు. అప్పటిదాకా పోయినవాళ్లు గుండె ఆగినా, ఊపిరి నిలిచినా మామూలుగానే పనికి వెళ్లాలి.

జిల్లా యముడి పేరు పెదపాటి గవర్రాజు. ఆ పోస్టుకు అర్హత ఒక్కటే, కింది షడ్జం, అంటే అడుగు స్థాయి 'స', పలికే గొంతు. పద్యం చివరి పాదం ఆ స్వరం మీద దిగితేనే మనిషి పోతాడు. అంతకుముందు సన్న గొంతువాళ్లను ఇద్దర్ని తాత్కాలికంగా వేసి చూశారు. పోయినవాళ్లు లేచి కూర్చుని, "ఈ నారదుణ్ణి ఎవరు పంపారండీ?" అని అడిగారు.

గవర్రాజు నాటకాల్లోంచి వచ్చినవాడు. పదహారేళ్లప్పుడు బాలకృష్ణుడు వేసేవాడు. మరుసటేడు గొంతు పగిలి, తాడు తెగిన చేదలా కిందికి పోయింది. "ఇక నువ్వు చచ్చే వేషాలకే పనికొస్తావబ్బాయ్," అన్నాడు నాటకాల కాంట్రాక్టరు. అన్నట్టే పాతికేళ్లపాటు కీచకుడై, దుర్యోధనుడై, కుంభకర్ణుడై వారానికి మూడుసార్లు చచ్చాడు. చచ్చినప్పుడల్లా జనం వన్స్ మోర్ అనేవారు. లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు.

పోస్టు ఇచ్చినప్పుడు ప్రభుత్వం ఆ ఆచారాన్ని కూడా నిబంధనల్లో చేర్చింది. నలభైమందికి తక్కువ కాకుండా వన్స్ మోర్ అంటే చావు రద్దు. పోయినవాడు లేచి విధుల్లో చేరాలి. మళ్లీ దరఖాస్తు ఏడాది తర్వాతే. మాజీ మునిసిపల్ చైర్మన్ ఒకాయన అలా నాలుగోసారి లేచి, నీళ్ల ట్యాంకులకు శంకుస్థాపనలు చేస్తూనే ఉన్నాడు.

మూడేళ్లుగా గవర్రాజుకు ఆ కింది షడ్జం పడడం లేదు. గొంతు అక్కడిదాకా వెళ్లి ఒట్టి గాలి వదిలేస్తోంది. సరిగ్గా ఆ క్షణానికి హార్మోనిస్టు ఏసుపాదం బొటనవేలితో కింది మెట్టు నొక్కి, ఆ ఖాళీ కప్పేసేవాడు. వినేవాళ్లకు అది గవర్రాజు గొంతే. సంగతి తెలిసినవాళ్లు వాళ్లిద్దరే. గవర్రాజుకు ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది.

సోమవారం ఉదయం ఏసుపాదం హార్మోనియం మోసుకుంటూ వచ్చి గవర్రాజు ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు.

"ఒరేయ్ గవర్రాజూ, తెల్లారగట్ల నేను పోయాన్రా."

"అయ్యో. టీ తాగుతావా?"

"దిగట్లేదు. బుధవారం వచ్చి పాడెయ్. పద్యం చెప్పేసి ఊరుకో. రాగం తియ్యకు. నువ్వు రాగం తీస్తే జనం ఊరుకోరు."

"నీ పద్యానికి రాగం లేకుండానా? నలుగురూ ఏమనుకుంటార్రా?"

"ఏమీ అనుకోరు. నాక్కావాల్సిందదే. నలభై ఏళ్లు తిత్తి కొట్టీ కొట్టీ ఎడంచెయ్యి పడిపోయింది. ఇంక పడుకుంటాన్రా."

గవర్రాజు గొంతు తగ్గించాడు. "మరి నా షడ్జం?"

"నా పద్యానికి నేనే నొక్కి పోతాను. ఆ తర్వాత గొంతు పోయిందని రాసిచ్చెయ్. పోయింది కూడాను."

బుధవారం ఏసుపాదం ఇంటిముందు షామియానా వేశారు. గవర్రాజు కిరీటం, గద, మీసాలతో వచ్చాడు. దున్నపోతును పశుసంవర్ధక శాఖ పంపింది. ఏసుపాదం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మంచం మీద కూర్చుని హార్మోనియం ముందుకు లాక్కున్నాడు. జూనియర్ అసిస్టెంట్ కనకదుర్గ తలలు లెక్కపెట్టింది.

"ముప్పై ఎనిమిదేనండి. వన్స్ మోర్ పడినా చెల్లదు. హాయిగా పాడుకోండి."

గవర్రాజు రోడ్డు వైపు చూశాడు. అవతల బస్టాపులో చాలామంది ఉన్నారు.

"మైకు పెట్టించమ్మా," అన్నాడు. "దూరంగా ఉన్నవాళ్లకి వినపడొద్దూ?"

ఏసుపాదం తలెత్తి అతని వైపు ఒకసారి చూశాడు. శ్రుతి ఇచ్చాడు.

మూడు పాదాలూ గవర్రాజు, ఏసుపాదం అడిగినట్టే, పొడిగానే చెప్పాడు. నాలుగోదానికి వచ్చేసరికి గురువారం డ్యూటీ గుర్తొచ్చింది. పెద్దాసుపత్రిలో ముగ్గురు వెయిటింగు. పక్కన ఏసుపాదం లేకుండా, ఒట్టి గాలి. కళ్లు మూసుకుని మోహన రాగం ఎత్తుకున్నాడు. నాలుగు నిమిషాలు తీశాడు. బస్టాపు మొత్తం ఇటు వచ్చేసింది. చివర గొంతు దిగాల్సిన చోటికి దిగింది. ఏసుపాదం బొటనవేలు నమ్మకంగా కింది మెట్టు నొక్కింది. అతను వెనక్కి వాలి పోయాడు. మొహంలో, చెప్పులు విప్పి ఇంట్లోకి అడుగుపెట్టినవాడి నిమ్మళం.

"వన్స్ మోర్!"

కనకదుర్గ లెక్కపెట్టింది. యాభై మూడు.

ఏసుపాదం లేచి కూర్చున్నాడు. అతని భార్య సంతోషమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మళ్లీ ఏడాదా అన్నయ్యా?" అంది.

"చూశావా చెల్లెమ్మా, కళాకారుడంటే జనానికి ఎంత అభిమానమో!" అన్నాడు గవర్రాజు.

ఏసుపాదం మెడలో దండ తీసి మంచం కోడుకు తగిలించాడు. "రేపెన్నింటికి?"

"తొమ్మిదింటికి. పెద్దాసుపత్రి."

మర్నాడు ఏసుపాదం ఐదు నిమిషాల ముందే వచ్చాడు. యముడి ఆఫీసు హాజరు పట్టీ అక్కడికే తెచ్చిన కనకదుర్గ, సంతకానికి పెన్ను అందించింది. తగిలిన వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఆఫీసులో పెన్ను అందుకునే చేతులు చాలావరకు అలాగే ఉంటాయి.