పడక్కుర్చీ సాక్ష్యం

పెళ్లాంతో వాదనలోకి చరిత్రను మాత్రం లాగకు బావా. నేను లాగి చెడ్డాను.

మా నాన్న వాడిన పడక్కుర్చీ ఒకటుండేది నాకు. స్టీల్‌ప్లాంట్‌లో డ్యూటీ దిగి, గోపాలపట్నంలో ఇంటికొచ్చి, అందులో వాలితే పోయిన ప్రాణం లేచొచ్చేది. దాని గుడ్డ మూడుసార్లు మార్చాను, కాళ్లు రెండుసార్లు. మా ఆవిడ కృపావతికి మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్లు మంట.

"ఆదివారం కొత్త సోఫా వస్తంది. ఈ కుర్సీ ఎవరికైనా ఇచ్చెత్తన్నాను" అంది.

గబగబా యూట్యూబ్‌లో కుర్చీల చరిత్ర మూడు గంటలు చూసి, వంటింట్లోకి వెళ్లాను.

"అది ఉత్త కుర్సీ కాదే! విక్టోరియా రాణీ కాలంది. ఆ చేతుల వంపు చూడు."

"అలాగేటి? మరి ఈ స్టూలు?"

అక్కడ నోరు మూసుకోవాల్సింది. "అది ఈజిప్టు. ఫారో కాలం."

"టీపాయ్?"

"ఫ్రాన్సు, లూయీ రాజుది. ఆ వంకర కాళ్లు సూళ్లేదా?"

"మొన్న మీరు తన్నితే కదండీ వంకరైంది?"

"రాజులూ అలాగే తన్నీవారు."

కృపావతి పొయ్యి వైపు తిరిగి కూర కలుపుకుంది. గెలిచాననుకున్నాను, పిచ్చి మాలోకాన్ని.

మర్నాడు ఇంటికొచ్చేసరికి కుర్చీ చుట్టూ నైలాన్ తాడు కట్టి ఉంది. దాని మీద అట్టముక్క: ‘విక్టోరియా. ముట్టరాదు.’ స్టూలు మీద ‘ఫారో. కూర్చోరాదు.’ టీపాయ్ మీద ‘లూయీ. టీ పెట్టరాదు.’

"ఏటిది కృపా?"

"మ్యూజియంలో సామాన్ల మీద ఎవరైనా కూకుంటారేటండీ? సరిత్రని కాపాడతన్నాను."

ఆ రాత్రి గచ్చు మీదే భోజనం. మూడో రోజుకి నడుం పట్టేసింది. నాలుగో రోజు అపార్ట్‌మెంటంతా చూడ్డానికొచ్చింది. ఎదురింటి మహాలక్ష్మమ్మగారు చెప్పులు విప్పి, ఫారో స్టూలుకి దణ్ణం పెట్టుకుని, కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలని నన్నే అడిగారు.

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరు ఐజాక్‌గారితో కలిపి ఇరవై మంది చాపల మీద సర్దుకున్నారు. పాటలయ్యాక ఆయన, "దేవుడి ముందు సాక్ష్యం ఎవరు చెబుతారు?" అన్నారు.

"మా ఆయన సెప్తారండి, ఆ కుర్సీ గురించి" అంటూ కృపావతి నా చేతిలో బైబిలు పెట్టింది.

నిజం చెబితే కుర్చీ పోతుంది. బైబిలు పట్టుకుని అబద్ధమెలా ఆడను?

"అయ్యగారూ... అది విక్టోరియాది కాదండి. మా నాన్న పూర్ణా మార్కెట్ దగ్గర వడ్రంగి సేత సేయించుకున్నది. మామూలు పాత కుర్సీయే. అదంటే నాకు పేణం, అంతే."

అందరూ ఆమేన్ అన్నారు. అందరికన్నా మా ఆవిడ గొంతే గట్టిగా వినబడింది.

"విన్నారు కదండీ, మామూలు పాత కుర్సీయే అంట. మన సర్చి వరండాలోకి బాగుంటాది, పట్టికెళ్లండి అయ్యగారూ. తమ్ముళ్లూ, అందరూ ఓ సెయ్యెయ్యండి. సోఫా వ్యాను కింద ఆగుంది!"

ఏం చెప్పమంటావు! సాక్ష్యం విన్నవాళ్లే కుర్చీని కిందకి దింపారు, వాళ్లే సోఫాని పైకెక్కించారు. నిజం చెప్పినందుకు పాస్టరుగారు నా భుజం తట్టి మరీ కుర్చీ పట్టుకుపోయారు. మంచి మనిషే. అయినా నాకు ఏడుపొచ్చింది.

అందరూ వెళ్లాక, పోనీలే అని సోఫా మీద కూలబడబోయాను.

"లెగండి, లెగండి! కొత్తది! దాని కవరు తీసీది క్రిస్మస్‌కే!"

"అందాకా నాను?"

"సాప ఉంది కదండీ."

ఆ చాప ఏ కాలం నాటిదో నేను చెప్పలేదు బావా. చెప్పను కూడా.