మొదటి మైకా, రెండో మైకా

...అయినా దాన్ని అబద్ధం అనడానికి వీల్లేదు. అబద్ధమంటే ముందే అనుకుని, ఎదుటి మనిషి కళ్లలోకి చూసి చెప్పేది. ఆమె వంటింటి సొరుగులో పట్టకారు వెతుక్కుంటోంది. పక్కగదిలోంచి భర్త "అయిందా?" అని అరిచాడు. "ఆ, అయింది" అంది. అంతే. బస్సులో ఎవరైనా "ఇక్కడ ఖాళీయేనా?" అంటే, తల ఎత్తకుండానే "ఆ" అంటాం. అలాంటి "ఆ" అది. ఒక "ఆ"కి ఇంత బరువు ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆమె భర్త పాటలు రికార్డు చేసే రికార్డిస్టు. ఇంట్లో రెండు గదులు ఆయన పనికే పోయాయి. ఒకదాంట్లో గోడలకి పాత పరుపులు కొట్టి డ్రమ్ములు పెట్టారు. రెండోదాంట్లో స్పీకర్లు, యంత్రాలు, ఆయన కుర్చీ. డ్రమ్ములు వాయించేది ఆమె తమ్ముడు. మూడు ఉద్యోగాల్లో చేరి, మూడూ మానేసినవాడు, ఈమధ్యే ఒక గాయకుడి బృందంలో కుదిరాడు. ఎవరూ లేపకుండా పొద్దున్నే వాడు తనంతట తాను లేచే పని ఇదొక్కటే. ఆ గాయకుడు ఇవాళ స్వయంగా వచ్చి డ్రమ్ము మోత వింటానన్నాడు. నచ్చితే సరే. నచ్చకపోతే డ్రమ్ములు కంప్యూటర్లో వేయించుకుంటానన్నాడు. "దానికైతే కాఫీ కూడా ఇవ్వక్కర్లేదు" అని ఫోన్లో నవ్వాడట. ఆ నవ్వు విన్నప్పటినుంచి తమ్ముడు సరిగ్గా అన్నం తినడంలేదు.

అన్నిటికన్నా కష్టం కిక్ డ్రమ్ముతో వచ్చింది. కాలితో తొక్కితే మోగే పెద్ద డ్రమ్ము అది. దాని ముందు ఏ మైకు పెట్టాలన్నది వారంరోజులుగా రికార్డిస్టు తేల్చుకోలేకపోతున్నాడు. తన పాత మైకు ఒకటి. దుకాణంవాడు చూసి చెప్పమని ఇచ్చిన కొత్త మైకు ఒకటి. నచ్చకపోతే సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేయాలి. కొత్తదాన్ని చూస్తూ వింటే కొత్తదే బాగుంటోంది. పాతదాన్ని చూడగానే దానిమీద జాలేసి అదే బాగుంటోంది.

"చూడకుండా వినండి మరి," అంది ఆమె, పొద్దున్న కాఫీ తాగుతూ. "మైకులు నేను మారుస్తాను. ఏది ఏదో మీకు చెప్పను. మొదటిదా, రెండోదా, అంతే చెప్పండి. మా దుకాణంలో రోజంతా చేసేది అదేగా."

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. "ఈ అద్దం బాగుందా, ఇదా?" అని అడగడం ఆమెకి ఊపిరి తీసుకోవడంలాంటిది. ఎవరికీ చెప్పని రహస్యం కూడా ఒకటుంది. ఎంతకీ తేల్చుకోని మనుషులు వచ్చినప్పుడు అద్దం తీసినట్టే తీసి, మళ్లీ అదే పెడుతుంది. నూటికి తొంభైమంది "ఆ, ఇది నయం" అంటారు. మొదట్లో ఆమెకి నవ్వొచ్చేది. తర్వాత తర్వాత మనుషులమీద ఒకలాంటి చులకన మిగిలింది.

రికార్డిస్టుకి ఆ సలహా ఎంత నచ్చిందంటే, తేలేదాకా డ్రమ్ముల గదిలో అడుగే పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టుకి ముందే డ్రమ్ముకి ముందువైపు తోలు విప్పేశాడు. మోత సాగకుండా దాని పొట్టలో ఏదో మెత్తటిది కుక్కాడు. పాత మైకు బిగించి, పొరపాటున కూడా కనబడకుండా పైనుంచి మందపాటి దుప్పటి గుడారంలా కప్పాడు. ఇంట్లో ఇంకో మనిషి, ఆయన తల్లి, ఆ సమయంలో గది గదీ తిరుగుతూ "అమ్మాయ్, నా దిండు ఎక్కడ పెట్టావ్?" అని అడుగుతోంది. "నేను తియ్యలేదత్తయ్యా" అంది కోడలు. ఆ మాట మాత్రం నిజం.

గాయకుడు వచ్చాడు. డ్రమ్ముల గది తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. అది వెలుగుతుండగా తలుపు తెరవకూడదన్నది ఆ ఇంటి చట్టం. ఒకసారి గ్యాసు వాసన వచ్చినా తెరవలేదు. తమ్ముడు మొదటిసారి వాయించాడు. దీపం ఆరింది. వాడు మంచినీళ్లకని ఇవతలికి వచ్చాడు, ఆమె మైకు మార్చడానికి లోపలికి వెళ్లింది. దుప్పటికింద చెయ్యి పెట్టి తడిమితే మైకు పట్టిన స్టాండు మర బిగుసుకుపోయి ఉంది. తువ్వాలు చుట్టి తిప్పింది. కదల్లేదు. పట్టకారుకని వంటింట్లోకి వచ్చింది. అప్పుడు ఆ "అయిందా?", ఆ "ఆ".

పట్టకారు దొరికి తిరిగొచ్చేసరికి తమ్ముడు లోపలికి వెళ్లిపోయాడు, తలుపు మూసి ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది.

సరే, కొంప మునిగిందేం లేదు అనుకుంది. రెండూ ఒకలాగే ఉన్నాయంటారు, అప్పుడు చెబుతాను, అందరం నవ్వుకుంటాం. వెళ్లి యంత్రాల గదిలో స్టూలు మీద కూర్చుంది.

మోత ఆగగానే గాయకుడు తొడమీద చరిచాడు. "అదీ! అదండీ డ్రమ్మంటే! రెండోదే. ఇంకో మాట లేదు."

"మొదటిదే నయం," అన్నాడు రికార్డిస్టు కళ్లు తెరవకుండా.

"మొదటిదా? గోనెబస్తాని కర్రతో కొట్టినట్టుంది!"

"రెండోది ఖాళీ నీళ్ల పీపా."

"పీపాలో ప్రాణం ఉందండీ."

"ప్రాణం కాదు, గాలి ఉంది."

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకే మైకు. ఒకే డ్రమ్ము. ఒకే తమ్ముడు. ఇంతేనన్నమాట మనుషులు. కళ్లయినా, చెవులైనా. భర్త కూడా ఆ తొంభైమందిలో ఒకడేనన్న సంగతి ఆమెకి కొంచెం దిగులు కలిగించింది, చెప్పకూడదుగానీ కొంచెం సంతోషమూ కలిగించింది.

"ఏమోయ్, వాయించినవాడివి, నువ్వు చెప్పు," అన్నాడు గాయకుడు, తలుపు సందులోంచి తల పెట్టిన తమ్ముడితో.

తమ్ముడు బావవైపు చూశాడు. గాయకుడివైపు చూశాడు. "మొదటిది కాలికి బాగుందండీ. రెండోది చెవికి బాగుంది."

"కాలితో ఎందుకు వింటున్నావురా?" అన్నాడు బావ.

నవ్వడానికి అదే అదను. కానీ ఎవరూ నవ్వలేదు. ఇద్దరు పెద్దమనుషులు అప్పుడే తమ చెవుల పరువు బల్లమీద పెట్టేశారు. ఇప్పుడు నిజం చెబితే గాయకుడి ముందు భర్త ఒక్క మైకులో రెండు మైకులు విన్నవాడవుతాడు. అలాంటివాడి దగ్గర ఎవరు పాట రికార్డు చేయిస్తారు? తమ్ముడి పని కూడా దాంతోపాటే పోతుంది. విడిగా చెబుదామని ఆమె లేచి నిలబడింది.

"ఏవండీ, ఒక్క నిమిషం ఇటు రండి."

"ఇప్పుడు నాకేం చెప్పకు," అన్నాడాయన రెండు చేతులూ అడ్డం పెట్టి. "నువ్వేం చెప్పినా నా మనసు ఒకవైపు మొగ్గుతుంది. పరీక్ష పాడవుతుంది."

"పరీక్ష గురించే..."

"అందుకే వద్దంటున్నా!"

గాయకుడు మొదటి మైకు మళ్లీ పెట్టించమన్నాడు. ఆమె మార్చడానికి బయలుదేరింది. దారిలో అత్తగారి గది. ఆవిడ మంచంమీద వెల్లకిలా పడుకుని, దిండుమీద తల ఆనించుకుని, ఫ్యాను చూస్తోంది.

"దొరికిందా అత్తయ్యా?"

"దొరక్కేం. అడిగితే దొరకదు, వెతుక్కుంటే దొరుకుతుంది."

ఆమె డ్రమ్ముల గదిలోకి వెళ్లి దుప్పటి ముందు నిలబడింది. పట్టకారు చేతిలోనే ఉంది. ఇప్పుడు నిజంగా మారిస్తే వాళ్లు మొదటిదనుకునేది కొత్తదవుతుంది, రెండోదనుకున్నది పాతదవుతుంది. ఆ లెక్క తలలో తిరుగుతుంటే ఆమెకి తమ దుకాణమే నయమనిపించింది. అక్కడ తిరిగేది అద్దాలే. దేన్నీ ముట్టుకోకుండా, కాసేపు ఆగి, బయటికి వచ్చేసింది.

తమ్ముడు వాయించాడు. రికార్డిస్టు కళ్లు తెరిచాడు.

"ఇది మొదటిది కాదు. నువ్వు మార్చలేదు."

గాయకుడూ తల ఆడించాడు. "అవునండీ, ఇది రెండోదే."

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు. ఇది వంటింటి సొరుగు కాదు. ఎదురుగా భర్త కళ్లున్నాయి. ఆమె ఆ కళ్లలోకి చూసి, ముందుగా అనుకుని, "మార్చాను" అంది.

దాంతో గది చల్లబడిపోయింది. రికార్డిస్టు కుర్చీలో వెనక్కి వాలి, కుడిచెవి తమ్మెని మెల్లగా నలపడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్నకి వినికిడి తగ్గిన రోజుల్లో ఆయన కూడా అలాగే నలిపేవాడని ఆమెకి ఎప్పుడో చెప్పాడు.

"అయితే నా చెవే," అన్నాడు. కోపంగా కాదు, వానొస్తోంది అన్నట్టుగా.

గాయకుడికి కూడా ఇబ్బందిగానే ఉంది. ఆమె మాట నిజమైతే, ఇందాక గోనెబస్తా అన్నదే ఇప్పుడు తనకి నచ్చేసింది మరి. ఇబ్బందిలో ఉన్న మనిషికి దొరికే మొదటి వస్తువు ఎదుటివాడి తప్పు. "చూడండీ, ఇందాక ఒకలా, ఇప్పుడొకలా పలికితే నేనేం పాడను? కంప్యూటరైతే ఎప్పుడు విన్నా ఒకటే." అని చెప్పులకోసం చూశాడు. తమ్ముడు లోపలికి వెళ్లి కాలి పెడలు విప్పి, గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని వచ్చిన రోజున పుస్తకాలు కూడా అలాగే సర్దేవాడు, ఒక్క చప్పుడు లేకుండా.

"నేను మైకు మార్చలేదు," అంది ఆమె.

గుడ్డ చుట్టే చెయ్యి ఆగింది.

"ఇప్పుడు మార్చలేదు, ఇందాకా మార్చలేదు. మర తిరగలేదు. మూడుసార్లూ మీరు విన్నది పాత మైకే. కొత్తది ఇంకా పెట్టెలోనే ఉంది."

గాయకుడు పెద్దగా నవ్వాడు. నవ్వుతూ ఉండగానే, తొడ చరిచింది తనేనని గుర్తొచ్చి ఆపేశాడు. రికార్డిస్టు మాత్రం నవ్వలేదు. చెవి నలపడం మానేశాడు.

"కాదు," అన్నాడు.

"కాదేంటండీ? మార్చాల్సింది నేనే కదా!"

"మైకు ఒకటే అయ్యుండొచ్చు. మోత ఒకటి కాదు."

ఆయన లేచి, ఒట్టు తీసి గట్టున పెట్టి, డ్రమ్ముల గదిలోకి నడిచి దుప్పటి లాగేశాడు. మైకు పాతదే. దాని వెనక డ్రమ్ము పొట్ట ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఖాళీగా, గుండ్రంగా కనబడింది.

"దిండేది?" అన్నాడు.

అందరూ ఆ ఖాళీలోకి చూశారు. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్కరూ అత్తగారి గదివైపు చూశారు.

"నన్ను చూస్తారేం?" అంది ఆవిడ మంచం దిగకుండానే. "అమ్మాయి పట్టకారుకోసం వెళ్లినప్పుడు తెచ్చుకున్నా. నా దిండు నేను తీసుకోవడానికి ఎవర్ని అడగాలి? డ్రమ్ముకి మెడనొప్పేమైనా ఉందా?"

రికార్డిస్టు ముఖం వెలిగింది. తల్లి దిండు దొంగిలించిన కొడుకు పడాల్సిన సిగ్గు అందులో ఏ కోశానా లేదు. "దిండుతో ఒకసారి, దిండు లేకుండా రెండుసార్లు! మూడోది రెండోదే అన్నామా లేదా?"

"అన్నాం కదండీ! ఇద్దరం అన్నాం!" అన్నాడు గాయకుడు. ఇందాకటి శత్రువులిద్దరూ చేతులు కలిపారు. చెప్పులమాట మర్చిపోయారు.

అప్పుడు తమ్ముడు అక్కవైపు తిరిగి, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. "అక్కా, నువ్వూ ఇక్కడే కూర్చున్నావుగా. ఆ తేడా గోడకి కూడా తెలుస్తుంది. నీకు వినబడలేదా?"

ఆమె జ్ఞాపకంలో వెతికి చూసింది. మొదటిసారి మోత, రెండోసారి మోత. రెండూ ఒకలాగే ఉన్నాయి. వాళ్లు వింటున్నంతసేపూ తను చూస్తున్నది వాళ్ల ముఖాల్ని. చెవిలో పడిందల్లా తనకి ముందే తెలిసిన సంగతి, "ఒకే మైకు, ఒకే మైకు" అని.

"లేదురా," అంది.

పడకగదిలోకి వెళ్లి తన దిండు తెచ్చింది. డ్రమ్ము ముందు మోకాళ్లమీద కూర్చుని దాన్ని లోపలికి తోసింది. "ఇంకొంచెం," అన్నాడు భర్త. "చాలు, చాలు," అన్నాడు గాయకుడు. సగంలో ఆపింది. తమ్ముడు గుడ్డ విప్పి పెడలు మళ్లీ బిగించాడు. ఎర్ర దీపం వెలిగింది. ఈసారి ఆమె గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని వింది. బాగుందో లేదో ఆమెకి తెలియలేదు. కానీ లోపల వాయిస్తున్నది తన తమ్ముడని మాత్రం వినబడింది. గాయకుడు మళ్లీ కంప్యూటరు మాట ఎత్తలేదు, పాట వాడికే మిగిలింది.

కొత్త మైకు పెట్టె విప్పకుండానే సాయంత్రం దుకాణానికి వెళ్లిపోయింది. "మోత కాస్త డొల్లగా ఉందండీ" అని రికార్డిస్టు దుకాణంవాడితో చెప్పాడట.

మర్నాడు కళ్లజోళ్ల దుకాణంలో ఒక పెద్దాయన ఎంతకీ తేల్చుకోలేకపోయాడు. "ఇందాకటిదా, ఇదా... ఇంకోసారి చూపించమ్మా." వెనక ఇంకా ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఆమె చెయ్యి అలవాటుగా అద్దం తీసి, అదే అద్దాన్ని మళ్లీ పెట్టబోయింది. ఆగింది. దాన్ని పక్కన పెట్టి, పెట్టెలోంచి వేరే అద్దం తీసి, తుడిచి, నిజంగానే మార్చింది.

"రెండూ ఒకటేనమ్మా," అన్నాడు పెద్దాయన.